సగం డెక్కు గల ఓడ

మొన్నటి వార్షిక ప్రదర్శనలో మా విభాగపు బల్లపై ఉంచిన చెక్క ఓడ నమూనాను విద్యార్థి మిత్రులు చూచియే ఉంటారు. కళాశాల కార్యవర్గపు పెద్దలు కూడ దాని ముందు కొంతసేపు నిలిచారు. వారిలో ఒకరు, "ముందు సగానికే డెక్కు వేసి, వెనుక సగం తెరచి ఉంచావేమి?" అని అడిగారు. నేనొక సమాధానం చెప్పాను. ఆ సమాధానాన్ని గురించియే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. అయితే ముందుగా ఓడ సంగతి కొంత చెప్పవలసి ఉన్నది.

అది ట్రింకోమలీ అనే యుద్ధనౌక నమూనా. పేరు సింహళ ద్వీపంలోని రేవుది, కట్టినది బొంబాయిలో, కలప మలబారు టేకు, కట్టించుకొన్నది ఆంగ్ల నౌకాదళం. వాడియా వంశానికి చెందిన జంషెట్జీ బొమన్జీ అనే పార్సీ నిపుణుని పర్యవేక్షణలో అది తయారై 1817 అక్టోబరు 12న నీటిలో దిగినది. అంతకు ముందు దాని నక్షాలను తెస్తున్న జావా అనే నౌక 1812 డిసెంబరులో అమెరికా నౌక కాన్‌స్టిట్యూషన్ చేతిలో నాశనం కాగా, మరొక ప్రతి పంపవలసి వచ్చినదట. ట్రింకోమలీ నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటిపై తేలుతూ ఉన్నది. మన దేశపు టేకు, మన దేశపు పనివాని చేయి రెండు శతాబ్దాలు నిలిచినవన్న మాట గ్రంథాలయంలోని ఒక పుస్తకంలో చదివిన నాడే నాకీ పిచ్చి పట్టినది.

అసలు నౌక డెక్కు పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు 40. ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చొప్పున లెక్క కట్టితే నా ఓడ పొడవు పందొమ్మిది అంగుళాలకు కొంచెం తక్కువ, వెడల్పు అయిదు. లెక్క నాది, చేయి మాత్రం మా వీధిలోని మిస్త్రీ చాచాది. ఆయన యాభై ఏళ్ళుగా తలుపులు, కిటికీలు, మంచాలు చేసినవాడు, సముద్రం చూడలేదు. నక్షా చూపగానే, "ఇది పడవ కాదు బేటా, బోర్లించని ఇంటికప్పు" అన్నాడు. తరువాత రెండు సంవత్సరాలు సాయంకాలాలు ఆయన వసారాలోనే గడచినవి.

ప్లైవుడ్డుతో ఒక వెన్ను కోసి, దానికి అడ్డంగా పదిహేను పలకలు నిలిపాము. ఒక్కొక్కటి ఓడను ఆ చోట అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. వాటి అంచులను గరుకు కాగితంతో వాలుగా అరగదీసి, సన్నని బద్దను పొడవునా ఆనించి చూడాలి; బద్ద ఎక్కడా ఎగిరి పడకూడదు, ఎక్కడా నలగకూడదు. ఈ అరగదీత పనికే ఒక నెల పట్టినది. పైపలకలకు ఏటికొప్పాక బొమ్మల పనివారు వాడే అంకుడు కర్రను మా బంధువు ఒకరు తెచ్చి ఇచ్చారు. తెల్లగా, నునుపుగా, పోగు కనిపించకుండా ఉంటుంది.

పలకలు వేయడమంటే బద్దలను వరుసగా అతికించడమేనని నేను అనుకొన్నాను. అది పెద్ద పొరపాటు. ఓడ నడుమ, ఒక పక్క పైనుండి అడుగుదాకా చుట్టుకొలత నాలుగు అంగుళాలు. ముక్కు దగ్గర రెండున్నర మాత్రమే. వరుసలు మాత్రం రెండు చోట్లా ఇరవై అయిదే. కనుక నడుమ నాలుగు మిల్లీమీటర్లున్న పలక ముక్కు చేరేసరికి రెండున్నరకు సన్నబడాలి. సగానికి మించి సన్నబడితే చివర చీలిపోతుంది. అప్పుడు రెండు వరుసలను ఒకటిగా కలిపి వేయాలి. ప్రతి పలకనూ వేడినీటిలో నానబెట్టి, వంచి, ఆరనిచ్చి, చిత్రిక పట్టి అతికించాలి. అన్నిటికంటె ముఖ్యమైనది చాచా మొదటి రోజే చెప్పాడు: "ఎడమన ఒకటి వేస్తే కుడిన ఒకటి వెయ్యి. ఒకే పక్క లాగితే చెక్క వంగిపోతుంది."

ప్రదర్శన తేదీ ప్రకటించిన నాటికి చాచా కూతురింటికి వెళ్ళి ఉన్నాడు. నలభై రోజులు రాలేదు. నాకు తొందర. ఓడను అటూ ఇటూ త్రిప్పి బిగించడం ఆలస్యమనిపించి, ఎడమ పక్కనే ఒక వారంలో పదకొండు వరుసలు వేశాను, అవి పూర్తిగా ఆరకుండానే. ఎంత చక్కగా కుదిరినవో అని మురిసిపోయాను కూడ.

తరువాత డెక్కు దూలాలకు దిగాను. డెక్కు బల్లపరుపుగా ఉండదు. పైన పడిన నీరు పక్కలకు జారిపోయేటట్లు నడుమ కొంచెం ఉబ్బి ఉంటుంది. ఒక్కొక్క దూలం పొడవు ఒక్కొక్క రకం, వంపు మాత్రం అన్నిటికీ ఒక్కటే. అందుచేత ఒక రేకు అచ్చు కోసి, దానితోనే అన్నిటినీ గీయాలి. నా అచ్చులో నడిమి ఎత్తు రెండు మిల్లీమీటర్లు. దూలాల నడుమ పొడవుగా చిన్న కడ్డీలు, మూలల్లో మోకాలి ఆకారపు చెక్కలు. ఈ పని ఎంత చేసినా విసుగు పుట్టదు. ప్రతి దూలం నడుమ ఒక గీత గీసి, ముక్కునుండి వెనుకదాకా దారం కట్టాను. గీతలన్నీ దారం క్రిందికి రావాలి. రాలేదు. ఓడ నడుమ మూడు మిల్లీమీటర్లు తేడా. ఆరుతూ ముడుచుకొన్న పలకలు వెన్నును విల్లువలె వంచివేసినవి.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది. దారం విప్పివేశాను. పాత గీతలు చెరిపి, వంపును అనుసరించి కొత్త గీతలు గీశాను. పైన డెక్కు పలకలు పరిస్తే ఎవరికి తెలుస్తుంది?

చాచా తిరిగి వచ్చిన సాయంత్రం ఓడను ఎత్తి, ద్వారబంధం చూచినట్లు ఒక కన్ను మూసి చూచాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "దారం ఏదీ?" అన్నాడు. నేను తల వంచుకొన్నాను. "తలుపు వంకరైతే ఇంటివాడే వచ్చి తిడతాడు, మూసుకోవడం లేదని. దీన్ని ఎవరూ తిట్టరు. నీ ఇష్టం బేటా" అని, బీడీ ముట్టించుకొని అవతలికి వెళ్ళాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు ఇద్దరమూ వేడినీటి గుడ్డలు పెట్టి బంకను మెత్తబరచి, దూలాలను, పదకొండు వరుసలను ఊడదీశాము. అందులో నాలుగు వరుసల పలకలు చీలిపోయినవి. వెన్నును నిటారైన టేకు పలకకు బిగించి కట్టి నాలుగు రోజులు ఉంచాము. మళ్ళీ ఎడమన ఒకటి, కుడిన ఒకటి. ఈసారి దారం విప్పలేదు. ప్రదర్శన ముందు రాత్రికి రెండు పక్కలా పలకలు పూర్తి అయినవి. డెక్కు సగమే అయినది.

కనుక పెద్దలు అడిగినప్పుడు నిజమైన సమాధానం ఇది: కాలం చాలలేదు, నా తప్పువలన. కాని నేను చెప్పినది వేరు. పదిహేడు, పదునెనిమిది శతాబ్దాలలో ఆంగ్ల నౌకాదళం కోసం చేసిన నమూనాలలో లోపలి నిర్మాణం కనబడేటట్లు కొన్ని పలకలు వేయకుండా విడిచేవారని, నేనూ ఆ సంప్రదాయమే పాటించానని చెప్పాను. సంప్రదాయం ఉన్న మాట నిజమే. పాటించానన్నది అబద్ధం. పెద్దలు సంతోషించి నా భుజం తట్టారు.

పక్కనే ఉతికిన లాల్చీ తొడుక్కొని చాచా నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయినది. "అట్లాగా! ఆ కాలపు మిస్త్రీలు కూడ సగం వదిలేవారా?" అని నన్నే అడిగాడు. అవునన్నాను. అప్పటినుండి వీధిలో ప్రతివానికీ ఆ మాట చెబుతున్నాడు. మేము ఇద్దరం కావాలనే సగం వదిలామని, అది పాత పద్ధతి అని. సగం ఎందుకు మిగిలినదో ఆయనకు నాకంటె బాగా తెలుసు. అయినా నా మాట నమ్మి, తెలిసినదానిని ప్రక్కన పెట్టాడు.

మిగిలిన ఎనిమిది దూలాలు కోసి సిద్ధంగా ఉన్నవి. ఇంకా బిగించలేదు. చాచాకు ఉర్దూ తప్ప చదువరాదు. ఈ వ్యాసం మన పత్రికలో తెలుగు భాగంలోనే వస్తుంది. అందుచేత సంచిక చేతికి రాగానే వసారాలో కూర్చొని, నేనే ఆయనకు చదివి వినిపించవలసి ఉన్నది.