బరువు దిగాకే బిగించాలి

అరకు దారిలో శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర ఘాట్ మొదలవుతుంది. అక్కడి నుంచి అనంతగిరి దాకా అంతా ఎక్కుడే కాబట్టి మా పాత మారుతి 800 రెండో గేరులో ఓపిగ్గా ఎక్కింది. బ్రేకుతో పని పడలేదు. గాలికొండ దాటి సుంకరమెట్ట వైపు దిగడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. బ్రేకు తొక్కితే కింద ఎడమవైపు ‘టక్’మని చప్పుడు. కాలు తీస్తే మళ్ళీ అదే. తొక్కినంతసేపూ స్టీరింగు ఎడమకు గుంజుతోంది.

‘షాకబ్జర్ పోయింది బావా’ అన్నాడు మా బావమరిది. కాఫీ తోటల పక్కన బండి ఆపి, బానెట్ అంచు మీద బరువు వేసి నొక్కి వదిలాను. పైకి లేచి ఒక్క ఊపుతో నిలిచింది. షాకబ్జర్ పోయిన బండి అలా నిలవదు, ఊగుతూనే ఉంటుంది.

మారుతి 800 ముందు చక్రాల అమరిక తెలిస్తే ఈ చప్పుడు ఎక్కడిదో ఊహించవచ్చు. చక్రాన్ని కింద పట్టుకునేది సన్నటి లోయర్ ఆర్మ్. అది ఒకచోట ఛాసిస్‌కు, ఇంకోచోట బాల్ జాయింటు ద్వారా చక్రానికి అతుక్కుని ఉంటుంది. ఇక ముందుకీ వెనక్కీ కదలకుండా ఆ ఆర్మ్‌ను ఆపేది అడ్డంగా వంగి ఉన్న స్టెబిలైజర్ బార్. తేలికైన, చవకైన ఏర్పాటు. అందుకే 1983 డిసెంబరులో మొదటి బండి చేతికి వచ్చిననాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా దేశమంతా దాన్ని నమ్ముకుంది. ఈ కీళ్ళన్నిటి మధ్యా ఉండేది రబ్బరు బుష్. మోకాలిలో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర చేసే పనే అది చేస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి లాగబడుతుంది. ఆ లాగుడంతా ఆర్మ్ మీదుగా బార్‌కు, బార్ చివర ఉన్న బుష్‌లకు పోతుంది. రబ్బరు అరిగి సందు పడితే ఆ సందు మేరకు చక్రం వెనక్కి జరిగి, ఇనుము ఇనుమును కొడుతుంది. ఎక్కుడులో బ్రేకు తొక్కలేదు కాబట్టే ఆ చప్పుడు వినపడలేదు. పైగా దిగుడులో బ్రేకు తొక్కేసరికి బండి బరువు ముందు చక్రాల మీదికి తూగుతుంది. ఘాట్ రోడ్డు మీద అరిగిన బుష్ అసలు పరీక్ష ఎదుర్కొనేది దిగేటప్పుడే.

రాత్రి అరకులో ఆగాం. తెల్లారి చలికి చప్పుడు ఇంకా పెరిగింది. చల్లబడితే రబ్బరు గట్టిపడుతుంది, మిగిలిన కాస్త మెత్తదనం కూడా పోతుంది. గదిచ్చిన పెద్దాయన చెప్పిన గుర్తులు పట్టుకుని పాడేరు రోడ్డులో ఒక రేకుల షెడ్డుకు వెళ్ళాం. ముందు రెండు కమాండర్ జీపులు, వాటి పక్కన విప్పిన కమాన్ కట్టలు. మేస్త్రీ కొండదొర యువకుడు. విజయనగరంలో పని నేర్చుకుని తిరిగొచ్చాడట.

బండి కిందికి దూరి పొడుగాటి ఇనప కడ్డీ దూర్చి ఆర్మ్‌ను ఎత్తి చూశాడు. ‘షాకబ్జర్ బాగానే ఉంది బాబూ. బుష్‌లు అయిపోనాయి. సూడండి’ అని టార్చి వేసి చూపించాడు. రబ్బరు నెర్రెలు విచ్చి, ఒకపక్క లోపలి గొట్టం నుంచి ఊడిపోయి ఉంది. ఒక్క ఎడమవైపే మారిస్తే చాలదని, జోడీగా మార్చాలని అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. ఒకవైపు కొత్త రబ్బరు బిగువుగా, రెండోవైపు పాతది మెత్తగా ఉంటే బ్రేకు పట్టినప్పుడు బండి నేరుగా పోదు.

అతని దగ్గర జీపుల బుష్‌లే తప్ప కారువి లేవు. విశాఖలోని దుకాణానికి ఫోను చేస్తే మధ్యాహ్నం బస్సులో వేస్తామన్నారు. ‘పాలీయూరిథేన్‌వి కూడా ఉన్నాయి, జీవితాంతం ఉంటాయి’ అని దుకాణం వాళ్ళు చెప్పారు. వద్దన్నాను. అవి గట్టివి, నిజమే. కానీ రోడ్డు అదురును మింగాల్సిన చోట గట్టిదనం పెడితే ఆ అదురంతా ఛాసిస్‌కూ మన నడుముకూ చేరుతుంది. ఇలాంటి తేలికపాటి బండికి కంపెనీ రబ్బరే సరైనది.

బస్సు వచ్చేలోగా జీపుల పని చూస్తూ కూర్చున్నాం. కమాన్ కట్ట చివర షాకిల్‌లో ఉండే బుష్‌లను మారుస్తున్నాడు. సంత రోజున ఆ జీపుల్లో ఎంతమంది ఎక్కుతారో అరకు వైపు తిరిగినవాళ్ళకు తెలుసు. లోపల, వెనక మెట్టు మీద, ఒక్కోసారి పైన కూడా మనుషులే, వాళ్ళ కాళ్ళ దగ్గర పసుపు మూటలు, కోళ్ళ గంపలు. బస్సు వెళ్ళని పల్లెలకు ఆ జీపే దిక్కు. జీపు కూడా వెళ్ళని చోట్ల రోగుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. అంత బరువుతో మలుపు దిగే జీపులో షాకిల్ బుష్ అరిగితే వెనక ఇరుసు పక్కకు జరగడం మొదలవుతుంది. ఫిట్‌నెస్ పరీక్షల్లో లైట్లు, హారను చూసినంత శ్రద్ధగా ఈ రబ్బరు ముక్కల్ని కూడా కడ్డీ పెట్టి కదిపి చూడాలని నేను గట్టిగా అంటాను.

సామాను వచ్చాక పని మొదలైంది. ముందు చక్రాలు ఎత్తి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాడు. స్ప్లిట్ పిన్ తీసి బార్ నట్టు విప్పాడు, బాల్ జాయింటు బోల్టు లాగాడు, చివరగా లోపలి బోల్టు. తుప్పు పట్టిన ఆ బోల్టు దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఆర్మ్ చేతికొచ్చాక బెంచి వైస్‌లో పెట్టి, ఒకవైపు చిన్న సాకెట్టు, రెండోవైపు పెద్ద సాకెట్టు ఉంచి మెల్లగా బిగిస్తూ పాత బుష్‌ను బయటికి నెట్టాడు. సుత్తి ముట్టుకోలేదు. రంధ్రాన్ని ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, కొత్త బుష్‌కు సబ్బు నీళ్ళు రాసి అలాగే లోపలికి దింపాడు. గ్రీజు డబ్బా పక్కనే ఉన్నా అటు చూడలేదు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

అన్నీ అమర్చాక లోపలి బోల్టును చేత్తో తిప్పి వదిలేశాడు. బిగించలేదు. చక్రాలు వేసి, బండి దించి, ముందుకీ వెనక్కీ నెట్టించి, షెడ్డులోని గోతి మీదికి తెచ్చాడు. మా ఇద్దరినీ ముందు సీట్లలో కూర్చోమని, తాను గోతిలోకి దిగి అప్పుడు బిగించాడు.

‘గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలి తిరిగి ఉండిపోద్ది బాబూ. బండి దిగాక గుంజుకుంటానే ఉంటాది. తొందరగా సిరిగిపోద్ది’ అన్నాడు.

ఈ ఒక్క మాట తెలియని మెకానిక్కులు పెద్ద పెద్ద ఊళ్ళలో కూడా ఉన్నారు. ఈ బుష్ బేరింగులా తిరగదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా నిలిచిపోతుంది, ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మధ్యలోని రబ్బరే మెలిపడి తిరిగి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ వేలాడే స్థితే దానికి విశ్రాంతి అవుతుంది. బండి నేల మీద నిలబడ్డ ప్రతి క్షణమూ అది మెలిపడే ఉంటుంది, గుంత వస్తే ఇంకా మెలిపడుతుంది. సామాను నాసిరకం అని నింద వేసే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఈ బిగింపే.

తిరుగు ప్రయాణంలో అనంతగిరి నుంచి కిందికి రెండో గేరులోనే దిగాం. డముకు వ్యూ పాయింటు దాటాక ఒక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది, బ్రేకు గట్టిగానే తొక్కాను. చప్పుడు లేదు, స్టీరింగు నేరుగా నిలిచింది. ‘వేరే బండిలా ఉంది బావా’ అని మా బావమరిది తనూ నడుపుతానన్నాడు. టైడా నుంచి శృంగవరపుకోట దాకా అతనే నడిపాడు.

ఆర్మ్ విప్పి బిగించాక చక్రాల కోణాలు మారతాయి కాబట్టి విశాఖ చేరగానే అలైన్‌మెంట్ చేయించాం. ఎడమ టైరు లోపలి అంచు అప్పటికే అరిగి ఉంది. దాన్ని వెనక్కి మార్చి, వెనక టైరును ముందుకు తెచ్చుకున్నాం.