జలాంతర్గాముల వేటగాడి కలం

బ్రిటిష్ నౌకాదళాధికారి డొనాల్డ్ మెకింటైర్ (1904–1981) చరిత్ర రచయితగా పాఠకాదరణ పొందక ముందు, అట్లాంటిక్‌లో కాన్వాయ్‌లకు, అంటే యుద్ధనౌకల కాపలాలో గుంపుగా సాగే సరుకు ఓడలకు, రక్షణ కల్పించే దళానికి నాయకుడు. 1941 మార్చి 17న ఆయన నడిపిన ‘వాకర్’ అనే డిస్ట్రాయర్, నీటిలోకి ధ్వని తరంగాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామి జాడ పట్టే ఆస్డిక్ పరికరంతో యు-99 అనే జర్మన్ జలాంతర్గామిని గుర్తించి, నీటి లోపల పేలే డెప్త్ చార్జీలు జారవిడిచి దానిని పైకి తేలక తప్పని స్థితికి తెచ్చింది. నలభైకి పైగా ఓడలను ముంచిన దాని కెప్టెన్ ఒట్టో క్రెష్మర్ బందీ అయ్యాడు, అతని బైనాక్యులర్స్ మెకింటైర్ వశమై, యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు గాని సొంతదారుకు చేరలేదు.

1956లో వెలువడిన ‘యు-బోట్ కిల్లర్’లో ఉన్నది అనుభవజ్ఞుడి సాక్ష్యం, మరుసటి ఏడాది వచ్చిన ‘జట్లాండ్’ మాత్రం తన బాల్యంలో, 1916లో, జరిగిన పోరును గురించినది కనుక అక్కడ ఆయనకు ఆధారం పత్రాలే (నావికుడి కన్ను అక్కడా అక్కరకు వచ్చిందనడం అతిశయోక్తి కాదు). యుద్ధంలో తానే ఒక పక్షమైనవాడు నిష్పాక్షికంగా రాయగలడా అన్న సందేహం సహజమే అయినా, తుపాను రాత్రి ఓడను నడపడమంటే ఏమిటో సామాన్య పాఠకుడికి తెలియజెప్పడంలో, కేవలం దస్తావేజులపై ఆధారపడిన పండితులకన్నా ఆయనదే పైచేయి.