మంచు అంచున పచ్చని పాచి

మీ పిల్లల గ్లోబును ఒక్కసారి వంచి అడుగుభాగము చూడండి. తెల్లగా కనబడు ఆ అంటార్కిటికాలో మంచు కప్పని నేల నూటికి ఒక వంతు కూడ లేదు. అట్టి రాతినేలలలో లార్స్‌మన్ కొండలు ఒకటి. మన దేశపు భారతి పరిశోధనా కేంద్రము 2012 నుండి అక్కడ ఉన్నది. మేము అక్కడికి పోయినవారము కాము, పోగలమన్న ఆశయు లేదు. అయినను ఆ రాళ్లమీది నాచును గూర్చి చదివిన నాటినుండి మా తలంపు అటే పోవుచున్నది.

వానాకాలములో మన ప్రహరీగోడల మీద మెత్తగా, పచ్చగా పట్టునదే ఈ నాచు. పాచి పట్టినదని మనము గీకి పారవేయుదుము! అక్కడనో చెట్టు లేదు, పొద లేదు. ఖండమంతటిలో సహజముగా పెరుగు పూలమొక్కలు రెండే రకములు. అవియు ఎంతో దూరమున, ద్వీపకల్పము వైపున. నాచులు మాత్రము నూరు రకములకు పైగా గలవు. చలికాలమంతయు ఎండి గడ్డకట్టి యుండి, వేసవిలో మంచు కరిగిన నీరు తగలగానే పచ్చబడును.

2017లో పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ బాస్ట్ గారు భారతి దగ్గర ఒక నాచును సేకరించిరి. అది కొత్త రకమని చెప్పి, బ్రయమ్ భారతియెన్సిస్ అను పేరుతో ప్రకటించుసరికి 2021 వచ్చినది. గోరంత మొక్కకు ఇన్నేండ్లా అని మేమును అనుకొంటిమి. కాని చలికి, నీటి కొరతకు ఒకే రకపు నాచు చోటుకొక రూపము దాల్చును. గుర్తుపట్టుటకు తోడ్పడు బీజకోశములు ఆ చలిలో అరుదు. ఆకును సూక్ష్మదర్శినిలో చూచినను చాలక, డి.ఎన్.ఎ. పరీక్షించి తెలిసిన రకములతో పోల్చవలసి వచ్చినది.

పేరుతో ఏమి పని అందురేమో. ఆస్ట్రేలియావారి కేసీ కేంద్రము దగ్గర విండ్‌మిల్ ద్వీపములలో, 2000 నుండి కొన్ని చోట్లను గుర్తు పెట్టుకొని ఏ నాచు ఎక్కడ ఎంత ఉన్నదో వ్రాసికొనిరి. పదమూడేండ్లకు తేడా తెలిసినది. తడి నేల కోరు షిస్టిడియమ్ అను అంటార్కిటికా నాచు తగ్గినది. ఎండకు ఓర్చు ఇతర రకములు దాని చోటిలోనికి వచ్చినవి. నేల ఆరిపోవుచున్నదని 2018లో ప్రకటించిరి. రకము చూడక "నాచు ఉన్నది" అని మాత్రమే వ్రాసియుంటే, ఈ మార్పు ఎవరికి తెలిసియుండును? ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగు ఆ పచ్చని తివాచీలు అప్పటికే కొన్నిచోట్ల ఎర్రబారి, బూడిదరంగుకు తిరిగియుండెను.