కారునకు తాయెత్తు

పెట్రోలు వెల పెరిగినప్పుడెల్ల ఇంటిలో మఱియే ఖర్చు తగ్గింపవలెనో యోచించువారము మనమే. కావున మైలేజిని పెంచునని చెప్పి యమ్మెడి పరికరములను గూర్చి కొంత తెలిసికొనుట మనకు మేలు.

ఇంధనపు గొట్టమునకు కట్టెడి అయస్కాంతములు, ట్యాంకులో వేసెడి మాత్రలు, కారులో గ్రుచ్చిన మిణుకుమను చిన్న పెట్టెలు మొదలగు వానిని అమ్మువారు తఱచుగా చెప్పునది యొక్కటే: ఇంధనము సరిగా కాలక వృథాయగుచున్నదని. ఇది నిజము కాదు. మంచి స్థితిలోనున్న నేటి యింజనులో ఇంధనము 100కు 98 పాళ్లకు మించియే కాలిపోవును. పుట్టిన వేడిమిలో పెద్దభాగము రేడియేటరు ద్వారాను, పొగగొట్టము ద్వారాను పోవుటయే అసలు నష్టము. అయస్కాంతము దానిని మరల్పజాలదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ యిట్టివి 100కు పైగా పరీక్షించి, ప్రయోజనము కలవి మిక్కిలి కొద్దియనియు, వానివలని లాభమును స్వల్పమేయనియు తేల్చినది.

విజయనగరమున మా వీధిలో అద్దెకారుపై జీవించు కుటుంబ మొకటి కలదు. ఆ యిల్లాలు చీటీ సొమ్ముతో అట్టి పెట్టె నొకదానిని కొనబోవుచు మా సలహా నడిగినది.

"సాలూరు లారీలకు పేరుపడిన యూరు గదమ్మా! అచ్చటినుండి ఘాటురోడ్డున కోరాపుట్టునకు బరువులు మోయించువారికి డీజిలే పెద్ద ఖర్చు. ఈ పెట్టె నిజముగా పనిచేసిన వారందఱు నెన్నడో బిగించియుండరా? కార్లు చేయువారు మాత్రము విడిచియుందురా?" అంటిమి.

"మఱి కొన్నవారు మైలేజి పెరిగినదని చెప్పుచున్నారే, అక్కగారూ!" అని యామె ప్రశ్న.

ప్రశ్న సమంజసమైనదే. సొమ్ము పెట్టినవాడు మీటరును కనిపెట్టుచు, తొందర మాని, మెల్లగా నడుపును. మిగిలినది ఆ నెమ్మదివలన. కీర్తి పెట్టెకు దక్కును. నిజము తేలవలెనన్న, అదే త్రోవలో, అదే బరువుతో, ట్యాంకు నిండుగా నింపి, పెట్టె యున్నదో లేదో నడుపువానికి తెలియనీయక పలుమాఱులు చూడవలెను.

ఆమె యా సొమ్ముతో అరిగిన టైర్లు మార్పించినది. వానలో రాత్రివేళ కారు నడుపు భర్తకు అదియే అసలు రక్ష.

1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వారు చెప్పునవియు ఖర్చులేని సంగతులే: టైర్లలో తగిన గాలి, గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగము, నిలిచినచోట ఇంజను నాపుట, వేళకు మరమ్మతు. ఈ నాలుగింటిని పాటించు ఇంటివారికి వేఱు తాయెత్తుతో పనిలేదు.