చిట్టి బరువు

బొద్దుగా నున్న కుక్కను చూచి ముచ్చటపడనివారు అరుదు. మా పెద్దమ్మ పెంచుకొన్న చిట్టిని చూచి వీధివారందరును అట్లే ముచ్చటపడెడివారు. అది పొట్టి కాళ్లు, పొడుగు నడుము గల డాక్స్‌హుండ్ జాతి కుక్క. ఆ జాతిని పూర్వము జర్మనీ దేశమున, బొరియలలో దాగు బ్యాడ్జరు అను జంతువును వేటాడుటకై పెంచిరి. అట్టి వేటకుక్కల సంతతిలో పుట్టిన చిట్టి, ఏలూరులో పెద్దమ్మ చేతి నేతి అన్నము, గారెలు, పాలకోవా ఆరగించుచు, గుమ్మము దాటుటకే ఆయాసపడు స్థితికి వచ్చినది.

2023వ సంవత్సరమున పెద్దమ్మ విజయవాడలోని మా యింట కొన్ని నెలలుండెను. అప్పుడు చిట్టిని పశువైద్యునికి చూపితిని. ఆయన త్రాసుకంటె ముందు తన వ్రేళ్లను నమ్మెను. "ప్రక్కటెముకలు చేతికి తగులవలెను. పైనుండి చూచినపుడు నడుము సన్నగా కనబడవలెను" అనెను. చిట్టికి నడుము అన్నదే లేదు. పైనుండి చూచిన దిండువలె నుండెను. బరువు 13 కిలోలు. దాని కట్టుబాటుకు 10 కిలోలు చాలునట. థైరాయిడ్ గ్రంథి మందగించినను కుక్కలు లావెక్కునని రక్తము పరీక్షించిరి. ఆ దోషమేమియు లేదు. "ఈ జాతికి వెన్నుపూసల నడుమనుండు బిళ్లలు త్వరగా చెడును. ఆపై ఇంత బరువు మోసినచో ఒకనాడు వెనుక కాళ్లు పడిపోవచ్చును" అని ఆయన చెప్పగా పెద్దమ్మ మొగము చిన్నబోయినది.

దినమునకు సుమారు 400 కెలొరీల ఆహారము. అందు చిరుతిండి పదవవంతు మించరాదు. గ్రాము నేతిలో 9 కెలొరీలు గలవు గనుక, 5 గ్రాముల చెంచాడు నేయియే ఆ హద్దు దాటును. "నోరులేని జీవి కడుపు మాడ్చుట పాపము గాదా?" అని పెద్దమ్మ అడిగెను. నాకామెపై కోపము రాలేదు. పెదనాన్నగారు పోయిన పిదప, ఆ యింట ఆమె చేతి ముద్దకై ఎదురుచూచు ప్రాణి అదొక్కటే. లాబ్రడార్ కుక్కలపై జరిగిన ఒక పరిశోధన 2002లో ప్రకటితమైనది; తోడివానికంటె నాలుగవవంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేండ్లు ఎక్కువ జీవించెను. ఆ సంగతి చెప్పితిని. "రెండేండ్లా!" అని ఆమె చాలసేపు చిట్టినే చూచుచుండెను.

పెట్టు చేతిని మార్చలేదు, ముద్దను మార్చితిమి. ప్రతి ఉదయము నాటి ఆహారమంతయు తూచి ఒక గిన్నెలో నుంచెడివాడను. అందుండి ఎన్నిసార్లు పెట్టినను పెద్దమ్మ యిష్టము. గిన్నె ఖాళీయైనచో మరునాటివరకు ఆగవలెను. పాలకోవాకు బదులు ఉడికించిన బీన్సు, కీరదోస ముక్కలు. ఉల్లి కుక్కల రక్తకణములను చెరచును, ద్రాక్షయు కిసుమిసులును మూత్రపిండములకు కీడు. కావున పాయసపు గిన్నె నాకించుటయు ఆగినది.

ఆదివారములందు చిట్టిని గంపలో కూర్చుండబెట్టి, పాతకాగితముల దుకాణపు కాటాపై తూచి, గంప బరువు తీసివేసెడివారము. "కిలో యెంతకిత్తురు?" అని దుకాణదారుడు ప్రతివారము హాస్యమాడెడివాడు. పెద్దమ్మ ఒక్కనాడైనను నవ్వలేదు. వారమునకు నూరు గ్రాములు తగ్గిన చాలును, పస్తులుంచి తొందరపడరాదని వైద్యుని మాట. ఐదవ వారమున తగ్గవలసిన బరువు పెరిగెను! విచారింపగా, మా కావలివాడు వేకువను తన టీలో ముంచిన రొట్టెను దానికి పంచిపెట్టుచున్నట్లు తేలినది. పెద్దమ్మ అతనిని మందలింపలేదు. ఎండ ముదురకముందే చిట్టిని నడిపించు పని అతనికే అప్పగించినది. పొట్ట నేలకు దగ్గరగా నుండు కుక్కకు కాగిన రోడ్డు మంచిది కాదు గదా!

ఏడు నెలలకు కాటా 10 కిలోల 200 గ్రాములు చూపెను. పెద్దమ్మ ఏలూరు వెళ్లుచు ఒక చిన్న త్రాసు కొని సంచిలో పెట్టుకొన్నది. చిట్టి ఇప్పుడు పెరటిలో ఉడుతలను తరుముచున్నదనియు, పిలిచినను రాదనియు, తాను వెంటబడలేకున్నాననియు మొన్న ఫోనులో ఫిర్యాదు చేసినది.