మార్చిలో రాసే సెప్టెంబరు

అరిజోనాలోనూ ఫ్లోరిడాలోనూ బేస్‌బాల్ జట్లు ఇంకా సన్నాహక మ్యాచ్‌లు ఆడుతూ ఉంటాయి. ఏ పిచర్ భుజం నిలుస్తుందో, ఏ కుర్రాడికి జట్టులో చోటు దొరుకుతుందో అప్పటికి తేలదు. అయినా అమెరికాలో ఆటను ప్రేమించేవాళ్లు తమ జట్టు ఆడే డివిజన్‌లోని ఐదు జట్లనూ మార్చి నెలలోనే వరసగా పేర్చేస్తారు. సెప్టెంబరు చివరికి ఎవరు ముందు నిలుస్తారో, ఎవరు అట్టడుగున మిగులుతారో కాగితం మీదికి వచ్చేస్తుంది. ఐదు పేర్లను 120 విధాలుగా పేర్చవచ్చు. కళ్లు మూసుకుని పేర్చినవాడికీ అందులో ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆట తెలిసినవాళ్ల అవకాశం అంతకంటే మెరుగే. అయినా ఐదు స్థానాలూ అచ్చంగా కుదిరిన జాబితా అరుదు.

ఈ పనిని వృథా ప్రయాసగా నేను చూడలేను. సీజన్‌లోని 162 మ్యాచ్‌లను రోజుకొకటిగా చూసేవాడికి ఆనాటి ఆటే కనిపిస్తుంది. వరస పేర్చేవాడు మాత్రం ఆరు నెలల కాలాన్ని ఒక్కసారిగా మనసులోకి తెచ్చుకోవాలి. ఆగస్టు ఎండల్లో అలిసిపోయే ముప్పై ఆరేళ్ల ఆటగాడినీ, జూన్‌లో కిందిస్థాయి జట్టు నుంచి పైకి వచ్చే కొత్త కుర్రాడినీ కలిపి తూచాలి. ఇంకా జరగని కాలం మీద అంత శ్రద్ధ పెట్టడం చిన్న విషయం కాదు.

మన ఇళ్లలో పంచాంగ శ్రవణం జరిగేదీ ఇంచుమించు ఆ మార్చి రోజుల్లోనే. ఆదాయ వ్యయాలు చదువుతున్నప్పుడు ఏడాది మొత్తం రెండు అంకెల్లో ఒదిగినట్లు ఉంటుంది. బేస్‌బాల్‌కూ అలాంటి రెండు అంకెలున్నాయి: జట్టు చేసిన పరుగులు, ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగులు. చేసిన పరుగుల వర్గాన్ని ఈ రెండింటి వర్గాల మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు ఎన్నో వంతు మ్యాచ్‌లు గెలిచి ఉండాలో దాదాపుగా తెలుస్తుందని బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు బిల్ జేమ్స్ చూపించాడు. ఇంత చిన్న సూత్రానికి ఇంత పెద్ద ఆట లొంగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లొంగని సందర్భాలు అంతకంటే ఆశ్చర్యం. 2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 712 పరుగులు చేసి 705 ఇచ్చింది. సూత్రం ప్రకారం 82 గెలవాలి, గెలిచింది 93. అంతకుముందు ఏడాది డివిజన్‌లో చివరి స్థానంలో ఉన్న ఆ జట్టు మొదటి స్థానంలోని న్యూయార్క్ యాంకీస్‌కు రెండు మ్యాచ్‌ల దూరంలో రెండో స్థానానికి చేరింది. ఒక్క పరుగు తేడాతో ముగిసిన ఆటల్లో 29 గెలిచి 9 మాత్రమే ఓడిపోవడమే అందుకు మూలం. అది గుండె నిబ్బరమని ఆ ఊరివాళ్లు నమ్మారు. మరుసటి ఏడాది అలాంటి ఆటల్లో ఆ జట్టుకు ఓటములే ఎక్కువయ్యాయి. నిబ్బరం ఒక్క శీతాకాలంలో ఆవిరైపోతుందా? యాదృచ్ఛికతకు ఈ ఆటలో దక్కే వాటా పెద్దది. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపోటములకు సమాన అవకాశమే ఉన్న జట్టు కూడా సీజన్ చివర సరిగ్గా 81 దగ్గర ఆగదు. ఆరు గెలుపులు అటో ఇటో జరిగిపోవడం మామూలు. డివిజన్‌లో రెండో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య కొన్నిసార్లు ఉండే దూరం కూడా అంతే.

ఇక్కడే నన్ను వదలని వైచిత్రి ఒకటుంది. లెక్క ఎరిగినవాడి జోస్యంలో అంకెలన్నీ మధ్యలోకి జరిగి ఉంటాయి. మంచి జట్టుకు 95, బలహీనమైన జట్టుకు 65 అని రాస్తాడు. ఏ జట్టుకూ 110 రాయడు, ఏ జట్టుకూ 45 రాయడు. ఎవరో ఒకరు ఆ అంచులకు చేరతారని అతనికి తెలియక కాదు. ఆ ఒకరు ఎవరో ముందుగా చెప్పే ఆధారం లేక. జట్టు జట్టుగా చూస్తే ప్రతి అంచనా వివేకమైనదే. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఎన్నడూ జరగనంత చదునైన సీజన్ తయారవుతుంది. అలాంటి సీజన్ రాదని, రాసినవాడికే అందరికంటే బాగా తెలుసు.

అంచులు వస్తూనే ఉంటాయి. సియాటిల్ మారినర్స్ మూడేళ్ల వ్యవధిలో రాండీ జాన్సన్, కెన్ గ్రిఫీ జూనియర్, అలెక్స్ రోడ్రిగెజ్ అనే ముగ్గురు మేటి ఆటగాళ్లను పోగొట్టుకుని, 2001లో 116 మ్యాచ్‌లు గెలిచింది. 2015లో పెకోటా అనే పేరున్న గణన పద్ధతి కాన్సస్ సిటీ రాయల్స్‌కు 72 గెలుపులు ఇచ్చింది. ఆ జట్టు 95 గెలిచి వరల్డ్ సిరీస్ కిరీటం కూడా అందుకుంది. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ జట్టు బలహీనమని అందరూ అన్నారు. అంత లోతుకు ఎవరు దిగగలిగారు?

వీటన్నిటికంటే నాకు ప్రియమైన ఉదాహరణ 2021 నాటి నేషనల్ లీగ్ వెస్ట్. అంతకుముందు ఎనిమిదేళ్లూ ఆ డివిజన్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌దే. ఆ ఏడూ వందకు పైగా గెలుస్తారని అంచనా వేశారు, వాళ్లు 106 గెలిచారు. ఇంతకంటే నెరవేరిన జోస్యం ఉంటుందా? కానీ వాళ్లకు వచ్చింది రెండో స్థానం. సగం మ్యాచ్‌లు కూడా గెలవదని లెక్కలు తేల్చిన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 107తో ముందు నిలిచింది. డాడ్జర్స్ గురించి చెప్పినదంతా నిజమై, వాళ్ల స్థానం మాత్రం తప్పింది. బలం జట్టుకు సొంతం. స్థానం మిగతా నలుగురి చేతుల్లో ఉంటుంది. ఒక జట్టును ఎంత లోతుగా ఎరిగినా దాని స్థానం చెప్పడానికి ఆ ఎరుక చాలదు.

మనుషులు పేర్చే వరసల్లో నిరుటి పట్టిక నీడ ఎక్కువగా పడుతుంది. చివరివాడు ఈ ఏడు మొదటివాడవుతాడని రాయడానికి చెయ్యి రాదు. 1990లో తమ తమ డివిజన్లలో అట్టడుగున ఉన్న అట్లాంటా, మిన్నెసోటా జట్లు 1991 వరల్డ్ సిరీస్‌లో తలపడ్డాయి. బోస్టన్ రెడ్ సాక్స్ 2012లో చివర, 2013లో జగజ్జేత, 2014లో మళ్లీ చివర. వీటిని ముందే రాసినవాడు ఎవరైనా ఉంటే అతన్ని జ్ఞాని అనడం కంటే సాహసి అనడం న్యాయం.

వాతావరణం గురించి చెప్పిన మాట మేఘాల చెవిన పడదు. బేస్‌బాల్ జోస్యం మాత్రం జట్టు యజమానుల చెవిన పడుతుంది. జూలై ఆఖరు ప్రాంతంలో ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసేటప్పుడు, ఇక గెలవలేమనుకున్న జట్టు అనుభవజ్ఞులను ఇచ్చేసి కుర్రాళ్లను తెచ్చుకుంటుంది. అప్పుడు అంచనా ఫలితాన్ని ఊహించడంతో ఆగక, దాన్ని తయారు చేయడం మొదలుపెడుతుంది. 1997 జూలై 31న వైట్ సాక్స్ తన డివిజన్‌లో ముందున్న క్లీవ్‌లాండ్‌కు కేవలం మూడున్నర మ్యాచ్‌ల వెనుక ఉంది. రెండు నెలల ఆట మిగిలి ఉంది. యాజమాన్యం ఆశ వదులుకుని, ముగ్గురు పిచర్లను శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చి ఆరుగురు కుర్రాళ్లను తెచ్చుకుంది. అభిమానులు దాన్ని తెల్లజెండా బేరం అన్నారు. వైట్ సాక్స్ 80 గెలుపులతో రెండో స్థానంలో ఆగింది. క్లీవ్‌లాండ్‌కు డివిజన్ 86తోనే దక్కింది. యాజమాన్యం అంచనా నిజమైందనాలా, నిజం చేశారనాలా? షికాగో అభిమానుల బాధలో న్యాయం ఉందనే నా నమ్మకం. మూడున్నర మ్యాచ్‌లు రెండు నెలల్లో పూడ్చలేని దూరం కాదు.

అదే బేరం అటువైపు ఇంకోలా ఫలించింది. 1996లో తన డివిజన్‌లో చివర నిలిచిన జెయింట్స్ ఆ ముగ్గురు పిచర్ల తోడుతో 1997లో మొదటి స్థానానికి చేరింది. షికాగోకు వచ్చిన కుర్రాళ్లలో కీత్ ఫోక్, బాబ్ హౌరీ చివరి ఇన్నింగ్స్‌లు కాపాడే పిచర్లుగా ఎదిగారు. 2000లో వైట్ సాక్స్ 95 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ సాధించినప్పుడు వాళ్లిద్దరూ ఆ జట్టులో ఉన్నారు.