మే నెలలో పంచారామాలు

వేసవి సెలవులలో గోదావరి జిల్లాలు చూడదలచిన మీరు, డెబ్బై దాటిన ఈ వైద్యుడు చేసిన పొరపాటు ముందుగా వినండి.

నిరుడు మే నెలలో నేనూ నా భార్యా రాజమహేంద్రవరం నుండి బయలుదేరాము. పంచారామాలలో నాలుగు ఈ సీమలోనే ఉన్నాయి. రెండు రోజులలో నాలుగూ చూడాలని నా పంతం. ధవళేశ్వరంలో ఆగి, 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట గురించి ఆమెకు అరగంట ఉపన్యసించాను. ద్రాక్షారామం చేరేసరికి ఎండ ముదిరింది. ప్రాకారంలో రాళ్లు అరికాళ్లను కాల్చాయి. భీమేశ్వరలింగం రెండంతస్తుల ఎత్తు. పై అంతస్తులో దర్శనం చేసుకుని మెట్లు దిగుతుండగా కళ్లు బైర్లు కమ్మాయి.

కారణం నాకు తెలుసు. ఉదయం వేసుకున్న రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంది. దారిలో మూత్రశాల దొరకదేమోనని నీళ్లు తాగలేదు. ఈ వయసు పురుషులలో చాలామంది ఈ పనే చేస్తారు, బయటికి చెప్పరు. పైగా డెల్టాలో గాలి తేమ; చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

నా భార్య నన్ను మండపం నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద సంచి పెట్టింది. తేరుకున్నాక ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించింది. "రోగులకు చెప్పే మాటలు మీకు వర్తించవా అండీ?" అన్నది. మాట తడబడినా, మగత కమ్మినా అది వడదెబ్బే కావచ్చు. అప్పుడు నోట ఏమీ పోయక, ఒళ్లు తడిపి విసురుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మాత్ర మీ అంతట మీరు మానకండి. ప్రయాణానికి ముందే మీ వైద్యుని అడగండి.

సామర్లకోట, పాలకొల్లు, భీమవరం మార్గశిరంలో చూశాము. నీళ్ల సీసా ఆమె చేతిలోనే ఉంది.